అమ్మమ్మ ఇంటి సమ్మర్ క్యాంపు: అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవులిచ్చారంటే విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో కూతుళ్ళ పిల్లలు, కొడుకు పిల్లలు కలిసి దిగిపోతారు. కొందరికి అమ్మమ్మని, కొందరికి నానమ్మని. ఇంట్లోనే వాళ్ళకి క్యాంపు నడుపుతానని తెలిసి, పార్కుకి వాకింగ్‌కొచ్చే నా ఈడు వాళ్ళు రకరకాల అనుమానాలు అడుగుతుంటారు. తరచూ వినబడేవి ఇవి.

అపోహ: పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒక ప్రోగ్రాం ఉండాలి, లేకపోతే బోర్ అంటారు.

వాస్తవం: అంటారు. అననివ్వండి. రోజుకి ఒక్క పని గట్టిగా పెట్టుకుంటే చాలు, అదీ పొద్దున తొమ్మిదిలోపు. మిగతా రోజు వాళ్ళది. కాసేపు సణిగి, గోడలెక్కి, ఆ తర్వాత వాళ్ళే ఏదో ఆట పుట్టిస్తారు. ఆ సణుగుడు భరించలేక మనం టీవీ పెట్టామా, ఆట పుట్టదు.

అపోహ: క్యాంపంటే రంగులూ, క్రాఫ్ట్ సామానూ కొనాలి.

వాస్తవం: మా క్యాంపులో పెద్ద క్లాసు ఆవకాయ. రైతుబజారులో కాయలు ముక్కలు కొట్టించి తెస్తాం, కత్తి పని పిల్లలది కాదు. ముక్కలు ఇంటికొచ్చాక వాళ్ళ వంతు. ప్రతి ముక్కలోంచీ జీడి తీసెయ్యాలి. దాని కింద టెంకకి అంటుకుని కాగితంలాంటి పొర ఉంటుంది, దాన్ని గోరుతో లేపాలి. ఆపైన పొడిగుడ్డతో తుడవాలి. "ఎన్నిసార్లు తుడవాలి అమ్మమ్మా?" అంటే, తడి ఉంటే బూజు పడుతుందనీ, ఉప్పు వేసేది బూజుకి నీళ్ళు దక్కకుండా, పైన నూనె తేలేలా పోసేది గాలి తగలకుండా అనీ చెబుతాను. కారం, ఆవపిండి కలిపేది మాత్రం నేనే. ఆ చేత్తో ఎవరైనా కళ్ళు నలుపుకుంటే ఆ రోజు క్యాంపు అక్కడితో సరి. కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి ముద్దలు పెట్టేటప్పుడు చూడాలి, ఇంట్లో కూరన్నం ముట్టని పిల్లలు కూడా చెయ్యి చాపుతారు.

మధ్యాహ్నం ఆటకీ కొనేదేం లేదు. చింతపిక్కల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీస్తే అష్టాచెమ్మాకి గవ్వలు దొరికినట్టే. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. అరగదీసిన పిక్క ఎంత వేడెక్కుతుందో పక్కవాడి చేతికి అంటించి చూపించడం మా పెద్ద మనవడికి ఎవరూ నేర్పలేదు.

అపోహ: సముద్రం పక్కనున్న ఊరు, గాలేస్తుంది కాబట్టి వడదెబ్బ తగలదు.

వాస్తవం: తగులుతుంది. చెమట పడితే సరిపోదు, అది ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. మన విశాఖ గాలిలో తేమకి చెమట ఒక పట్టాన ఆరదు. అందుకే పదకొండు నుంచి నాలుగు దాకా ఎవర్నీ గుమ్మం దాటనివ్వను. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, తాటిముంజలు ఎప్పుడూ ఉంటాయి. ఓఆర్ఎస్ కూడా ఉంచుకోండి, కానీ లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసుకో చిటికెడు వేస్తే పాళ్ళు తప్పుతాయి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా చిట్కాలతో కాలయాపన వద్దు. నీడకి చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు.

అపోహ: మామిడిపళ్ళు వేడి చేసి సెగ్గడ్డలు లేస్తాయి.

వాస్తవం: మూతి చుట్టూ పొక్కితే చాలావరకు అది సొన పని. తొడిమ దగ్గర కోసి, సొన కారనిచ్చి, కాసేపు నీళ్ళలో ఉంచి కడిగి ఇవ్వండి. సెగ్గడ్డలు చర్మంలోకి చేరే బ్యాక్టీరియా వల్ల వస్తాయి. చెమట, గోకుడు వాటికి దారిస్తాయి. రెండుపూటలా స్నానం చేయించి గోళ్ళు కత్తిరించండి, పండు మాన్పించకండి.

అపోహ: మనం పక్కనుంటే ఆర్కే బీచ్‌లో మోకాల్లోతు దిగనివ్వొచ్చు.

వాస్తవం: నేను దిగనివ్వను. కెరటం వెనక్కి లాగేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది, మోకాల్లోతు కాస్తా నడుంలోతవుతుంది. ఈతొచ్చిన పెద్దవాళ్ళని కూడా లాక్కెళ్ళే తీరం అది. ఒడ్డునే కురుసుర ఉంది, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన జలాంతర్గామి. ఇప్పుడు మ్యూజియం కాబట్టి లోపలికెళ్ళి చూడొచ్చు. ఇంత ఇరుకులో నావికులు ఎలా పడుకునేవాళ్ళని పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఫిషింగ్ హార్బర్‌కి వేసవిలోనే తీసుకెళ్ళాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు, బోట్లన్నీ అక్కడే ఉంటాయి. వలలు బాగుచేసుకునేవాళ్ళు తీరికుంటే ముడి ఎలా వెయ్యాలో చూపిస్తారు. మా చిన్నది అది నేర్చుకొచ్చి నా కొంగుని కుర్చీకి కట్టేసింది.

అపోహ: పిల్లలు కొట్టుకుంటే అమ్మమ్మ తీర్పు చెప్పాలి.

వాస్తవం: రక్తం కనబడితే తప్ప లేవను.

ఆఖరిది నా పిల్లల అపోహ: మనవలుంటే అమ్మకి అలసటే తెలీదు. తెలుస్తుందర్రా, మోకాళ్ళకి మరీ బాగా తెలుస్తుంది. అందుకే పిల్లల్ని దింపే రోజునే ఎవరికి ఏ తిండి పడదో, ఏ మందు వేస్తున్నారో కాగితం మీద రాయించుకుని, షరతు కూడా చెప్పేస్తాను. ఆదివారం క్యాంపుకి సెలవు. ఆ రోజు కన్నవాళ్ళలో ఎవరో ఒకరొచ్చి వంటతో సహా అన్నీ చూసుకోవాలి. మా పెద్దల్లుడు పులిహోర బాగా కలుపుతాడు.