అచ్చం మనిషిలా ఉన్న బొమ్మంటే భయమెందుకు? అపోహలు - వాస్తవాలు

త్రీడీ పాత్రల ముఖాలకు కదలికలు ఇవ్వడం నా పని. దాదాపు మనిషిలాగే ఉన్నా ఎక్కడో తేడా కొట్టే ముఖాన్ని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది కదా, దాన్నే అన్‌క్యానీ వ్యాలీ అంటారు. దీని మీద కథలకు కొదవ లేదు.

అపోహ: ఒకప్పుడు మనిషి రూపంలో మనల్ని వేటాడిన జీవి ఏదో ఉండేది. ఈ భయం అప్పటిదే.

వాస్తవం: కథ భలేగా ఉంది కానీ, అలాంటి జీవి ఉండేదనడానికి ఒక్క శిలాజమూ లేదు. మనల్ని పోలిన నియాండర్తల్ మనుషులు మాత్రం నిజంగానే ఉండేవారు. వాళ్లను చూసి మనవాళ్లు పారిపోలేదు సరికదా, పిల్లల్ని కూడా కన్నారు. ఆఫ్రికా బయట చాలామంది డీఎన్ఏలో 1 నుంచి 2 శాతం వాళ్లదే.

అపోహ: రోగాలకు, శవాలకు దూరంగా ఉండడానికే పరిణామక్రమంలో ఈ భయం పుట్టిందని తేలిపోయింది.

వాస్తవం: అదొక వాదన, కొట్టిపారేయలేం. కానీ ఇంకా తేలలేదు. మెదడు ఒకటి ఆశిస్తే కంటికి ఇంకొకటి కనిపించడమే అసలు చిక్కని మరో వాదన. మనిషి రూపంతో, యంత్రపు కదలికతో ఉన్న రోబో వీడియోలు చూపించి స్కాన్ చేస్తే, మామూలు మనిషికీ, లోహపు రోబోకీ లేని తేడా దీని విషయంలో మెదడులో కనిపించింది.

నా ఓటు రెండోదానికే. మనం కిందికి చూస్తే పైరెప్ప కూడా కనుపాపతో పాటే దిగుతుంది. ఆ రెప్పను కదపకుండా వదిలేయండి, అప్పటిదాకా బాగున్న ముఖంలో జీవం పోతుంది. నవ్వూ అంతే. పెదాలు సాగినా కంటి కింద కండ లేవకపోతే చూసేవాళ్లకు తెలిసిపోతుంది. కార్టూన్ బొమ్మకైతే ఇవేవీ ఎవరూ పట్టించుకోరు. చర్మం మీద రంధ్రాలతో సహా దించామా, ఇక రెప్ప దగ్గర లెక్క అడుగుతారు!

అపోహ: ఇది పుట్టుకతోనే వస్తుంది.

వాస్తవం: 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో మకాక్ కోతులు నిజమైన కోతి ముఖాన్నీ, బొమ్మలా ఉన్న ముఖాన్నీ ఎక్కువసేపు చూశాయి. దాదాపు నిజంలా ఉన్నదాన్ని తక్కువ చూశాయి. అంటే మూలాలు మనిషి కన్నా పాతవే కావచ్చు. అయితే చూపు తిప్పుకున్నంత మాత్రాన భయపడ్డాయని చెప్పలేం. పసిపిల్లల్లో ఇలాంటి తేడా 12 నెలల వయసులో కనిపించింది, 6 నెలలప్పుడు లేదు. ముఖాలు చూసిన అనుభవానికీ ఇందులో వాటా ఉన్నట్టే.

అపోహ: ఈ అన్‌క్యానీ వ్యాలీని మసాహిరో మోరి ప్రయోగాలతో నిరూపించాడు.

వాస్తవం: ఈ జపాన్ రోబో శాస్త్రవేత్త 1970లో రాసింది వ్యాసం. అందులోని గ్రాఫ్ ఆయన ఊహ, కొలతలు కావు. పూర్తిగా మనిషిలా చేయాలని ప్రయత్నించకండి, ముందే ఆగండి అన్న ఆయన సలహా మాత్రం మా పనిలో ఇప్పటికీ చెల్లుతుంది. కళ్లు కాస్త పెద్దవి చేసి, చర్మం నునుపు చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.