క్యాలిపర్ డస్ట్ బూట్ చిరిగితే ఏం చేయాలి?

బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు అందరి కళ్లూ ప్యాడ్ల మందం మీదే ఉంటాయి. ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగం క్యాలిపర్; అందులో ప్యాడ్లను వెనక నుంచి తోసే పిస్టన్ చుట్టూ ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు తొడుగును పట్టించుకునేవాళ్లు తక్కువ. అదే డస్ట్ బూట్. అది చిరిగినా బ్రేకు వెంటనే ఫెయిలవదు. బ్రేక్ ఫ్లూయిడ్ ఒత్తిడిని ఆపేది బూట్ కాదు, పిస్టన్ కదిలే సిలిండరు లోపలి గాడిలో కూర్చున్న చదరపు అంచుల సీల్.

ఆ సీల్ చేసే పని చాలా సున్నితమైనది. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్‌తో పాటే కొద్దిగా వంగుతుంది. పెడల్ వదలగానే మళ్లీ నిటారై పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్ డిస్కును గట్టిగా రాసుకుంటూ ఉండిపోకపోవడానికి ఆ కాస్త జాగాయే ఆధారం. చిరుగులోంచి నీళ్లు, దుమ్ము దూరి పిస్టన్ తుప్పు పడితే సీల్‌కు దాన్ని లాగే బలం చాలదు. చక్రం వేడెక్కుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది.

అసలు నష్టం చాలాసార్లు రిపేరులోనే జరుగుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది, ఆ భాగమే తుప్పు పడుతుంది. కొత్త ప్యాడ్ల కోసం దాన్ని అలాగే లోపలికి నొక్కేస్తే తుప్పు, ఇసుక సీల్ అంచును గీసేస్తాయి. అప్పటిదాకా కారని క్యాలిపర్ ఆ తర్వాత కారడం మొదలుపెడుతుంది. అందుకే నొక్కకముందే బూట్ మడతలు విప్పి చుట్టూ చూడాలి. లోపల ఫ్లూయిడ్ తడి కనిపిస్తే సీల్ ఇప్పటికే పోయినట్టే, బూట్ ఒక్కటి మార్చి లాభం లేదు.

బూట్ పాడవడానికి స్క్రూడ్రైవర్ మొన, అతి వేడి మామూలు కారణాలు. తెలియకుండా చేసే తప్పు మరొకటుంది: మామూలు గ్రీజు పూయడం. బ్రేకుల్లో ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం నూనెలు పడవు, ఉబ్బి మెత్తబడిపోతుంది. పెట్రోల్‌తో, కిరోసిన్‌తో కడగడం కూడా అంతే ప్రమాదం. బ్రేక్ క్లీనరో ఐసోప్రొపైల్ ఆల్కహాలో వాడాలి. పూయడానికి సిలికాన్ గ్రీజు గానీ బ్రేకుల కోసమే చేసిన ఎర్ర రబ్బర్ గ్రీజు గానీ కావాలి.

కొన్ని క్యాలిపర్లలో పిస్టన్ పూర్తిగా తీయకుండానే బూట్ మార్చవచ్చు. కానీ మట్టి లోపలికి చేరాక పైపైన బూట్ వేసి మూసేయడం మంచిది కాదు. సీల్, బూట్ కలిసి ఉండే కిట్ కొని రెండూ మార్చాలి. కారును జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలపాలి. క్యాలిపర్‌ను హోస్‌కు (ఫ్లూయిడ్ వచ్చే రబ్బరు గొట్టానికి) వేలాడనివ్వకుండా తీగతో కట్టాలి. హోస్ విప్పకముందే పెడల్‌ను మెల్లగా తొక్కుతూ పిస్టన్‌ను బయటికి తెప్పించడం సులువు. ఎదురుగా చెక్క ముక్క పెట్టాలి, వేళ్లు అక్కడ ఉండకూడదు. పాత సీల్‌ను ప్లాస్టిక్ పుల్లతో తీయాలి, ఇనుప మొన తగిలితే గాడి గీరుకుపోతుంది. సీల్ రాసుకునే చోట పిస్టన్ మీద గోటికి తగిలే గుంట ఉంటే పిస్టన్ మార్చాల్సిందే, గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టకూడదు. సిలిండరే గుంటలు పడితే క్యాలిపర్ మార్చడమే మేలు.

బిగించేటప్పుడు కొత్త సీల్‌కు, పిస్టన్‌కు తాజా బ్రేక్ ఫ్లూయిడ్ రాయాలి. గాడిలో ఇమిడే రకం బూట్‌ను ముందు పిస్టన్ అడుగు అంచుకు తొడిగి, బయటి పెదవిని క్యాలిపర్ గాడిలో చుట్టూ కూర్చోబెట్టి, ఆ తర్వాతే పిస్టన్‌ను నిటారుగా తోయాలి. వంకరగా బిగుసుకుంటే సుత్తితో కొట్టొద్దు, తీసి మళ్లీ పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ కలిసి ఉండే వెనక క్యాలిపర్లలో పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపే రకముంది. దానితో పాటు బూట్ మెలి తిరగకుండా పెదవికి కాస్త గ్రీజు పూయాలి.

క్యాలిపర్ అటూ ఇటూ జరిగేందుకు ఆధారంగా ఉండే గైడ్ పిన్నుల బూట్లు చిరిగితే పని తేలికే: పిన్ను లాగి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, కొత్త బూట్ తొడగాలి. గ్రీజు ఎక్కువైతే రంధ్రంలో గాలి చిక్కుకుని పిన్నును బయటికి తోస్తుంది. రబ్బరు బుష్ ఉన్న పిన్ను ఏ రంధ్రంలోదో ఆ రంధ్రంలోనే పెట్టాలి.

బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, లైన్లలో గాలి పూర్తిగా తీసి, పెడల్ గట్టిపడేదాకా తొక్కాకే బండి కదపాలి.