‘తక్’ కనబడితే ‘టిల్’ పెట్టేయడమేనా?

పదకొండేళ్ళుగా హైదరాబాదులో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. నా బ్యాచుల్లో దాదాపు సగం మంది బీహార్, యూపీ, రాజస్థాన్‌ల నుంచి ఉద్యోగాలకి వచ్చిన హిందీవాళ్ళు. ఏ కొత్త బ్యాచ్ అయినా వారం తిరక్కుండానే అదే తప్పు వినిపిస్తుంది. ఈమధ్య వాళ్ళ పక్క సీట్లలో పనిచేసే మన పిల్లల మెయిళ్ళలోకి కూడా అది పాకింది. అందుకే ఈ గోల.

అపోహ: హిందీ ‘తక్’ అంటే ఇంగ్లీషులో ‘టిల్’, లేదా ‘అంటిల్’.

వాస్తవం: అన్నిచోట్లా కాదు. ‘ఛే బజే తక్ రుకూంగా’ అంటే ఆరింటిదాకా ఉంటాను. అక్కడ టిల్ సరిపోతుంది. ‘శుక్రవార్ తక్ రిపోర్ట్ భేజ్ దూంగా’ అంటే శుక్రవారం కల్లా పంపేస్తాను. అక్కడ ‘బై ఫ్రైడే’ అనాలి. సాగుతూ ఉండే పనికి టిల్, గడువులోపు ఒక్కసారి చేసేసే పనికి బై. హిందీ ఈ రెంటికీ ఒక్క తక్‌తోనే పని నడిపిస్తుంది. మనకి దాకా వేరు, కల్లా వేరు. తెలుగులో ఆలోచించుకుంటే ఈ తప్పు రాకూడదు. ‘రేపటి వరకు ఇచ్చేస్తా’ అనేవాళ్ళు మాత్రం కాస్త చూసుకోవాలి.

పట్నా కుర్రాడొకడు విదేశీ క్లయింటుకి ‘ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టిల్ ఫ్రైడే’ అని రాశాడు. ‘రోజూ అక్కర్లేదు, ఒక్కసారి పంపితే చాలు’ అని ఆవిడ జవాబిచ్చింది. వెటకారం చేసిందేమోనని వాడికి రాత్రంతా టెన్షన్. ఆవిడ వెటకారమేమీ చెయ్యలేదు, వాడు రాసింది రాసినట్టు చదువుకుంది, అంతే.

తక్ దెబ్బ నేనూ తిన్నాను లెండి. ఉద్యోగం కొత్తలో భోపాల్‌లో ఓ గదిలో దిగాను. ‘పాంచ్ తారీఖ్ తక్ కిరాయా దే దేనా’ అన్నాడు ఇంటాయన. ఐదో తారీఖుకల్లా ఇవ్వమని ఆయన మాట. ఐదో తారీఖు దాకా లెక్కకట్టి ఇమ్మంటున్నాడని నేను అనుకుని, ఐదు రోజుల అద్దె చేతిలో పెట్టాను. ఆయన నోట్లు లెక్కపెట్టి, ఖాళీ చేసేస్తున్నావా బాబూ అని అడిగాడు.

అపోహ: హిందీ వాక్యంలో ‘నహీ’ ఉంది కాబట్టి అంటిల్ తర్వాత ‘నాట్’ ఉండాలి.

‘జబ్ తక్ తుమ్ నహీ ఆవోగే, మై నహీ జావూంగా.’ హిందీలో నిక్షేపంలాంటి వాక్యం. దీన్ని మాటకి మాట దించితే ‘అంటిల్ యు డోంట్ కమ్, ఐ వోంట్ గో’ అవుతుంది, ఇంగ్లీషులో అది చెల్లదు. జబ్ తక్ నహీ అంటే నువ్వు రానంతసేపూ అని. అంటిల్ చూపించేది ఆ ఎదురుచూపు ముగిసే క్షణాన్ని, అంటే నువ్వు గుమ్మంలో అడుగుపెట్టే క్షణాన్ని. అక్కడ నాట్‌కి ఏం పని? ‘ఐ వోంట్ గో అంటిల్ యు కమ్.’ అచ్చం ‘నువ్వు వచ్చేదాకా వెళ్ళను’ లాగే.

హిందీ పిల్లలకి నేను చెప్పే చిట్కా ఒకటే: జబ్ తక్ పక్కనపెట్టి ‘తుమ్హారే ఆనే తక్’, అంటే నువ్వు వచ్చేదాకా, అనుకోండి. నహీ దానంతటదే రాలిపోతుంది. వాళ్ళ పాత నోట్సులు తిరగేస్తే అసలు జబ్బెక్కడుందో తెలుస్తుంది. అన్‌లెస్‌కీ జబ్ తక్ నహీ, అంటిల్‌కీ జబ్ తక్ నహీ! ఒకటి షరతు, ఒకటి సమయం అని పక్కన చిన్నగా రాసి ఉంటుంది. ఆ చిన్న ముక్క ఎవడికి గుర్తుంటుంది? అన్‌లెస్‌లో ‘కాకపోతే’ అన్న అర్థం ముందే ఉంది, దానికీ నాట్ తగిలించక్కర్లేదు.

మిగతావి గబగబా. టిల్ అనేది అంటిల్‌కి పొట్టిరూపం కాదు, అంటిల్ కంటే టిల్లే పాతది. టిల్‌కి చివర రెండు ఎల్‌లు, అంటిల్‌కి ఒక్కటే. ఆవోగేలో భవిష్యత్తు ఉంది కదా అని ‘అంటిల్ యు విల్ కమ్’ అనకూడదు. ‘అంటిల్ అండ్ అన్‌లెస్’ అంటే బరువుగా ఉంటుందని ఎవరో పుట్టించారు. లాయర్ల కాగితాల్లో అన్‌లెస్ అండ్ అంటిల్ కనిపిస్తుంది గానీ, సెలవు చీటీలో మీకెందుకు?

ఇంటర్వ్యూలో ‘అంటిల్ యు డోంట్’ అనేశాను సార్, పోయినట్టేనా అని అర్ధరాత్రి మెసేజులు పెడతారు. పడుకోండి. అవతలివాళ్ళకి విషయం అర్థమయ్యే ఉంటుంది. గడువు దగ్గర బైకి బదులు టిల్ రాసి మెయిల్ పంపేసి ఉంటే మాత్రం, తారీఖుతో సహా ఇంకో లైను రాసి పంపండి.

మన పట్నా కుర్రాడు ఇప్పుడు టిల్ జోలికే పోవడం లేదు. మొన్న మేనేజరుకి ‘ఐ విల్ బీ ఇన్ ద ఆఫీస్ బై సిక్స్’ అని పెట్టాడట. ఆరింటిదాకా ఉంటానని వాడి ఉద్దేశం. పొద్దున్నే ఆరుకల్లా వస్తున్నాడనుకుని ఆయన సెక్యూరిటీకి చెప్పి గేటు తీయించి ఉంచాడు.