తోటలో నీడ నల్లగా ఉండదు: ఇంప్రెషనిస్టు చిత్రాలపై అపోహలు, వాస్తవాలు

ఆరుబయట కూర్చుని నూనె రంగులతో బొమ్మలు వేయడం, నేర్పడం నా పని. తోట అనగానే కొత్తవాళ్ల కుంచె పూల మీదికి పోతుంది. నేను ముందు నీడ వేయమంటాను. ఎందుకో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1866లో మొదలుపెట్టిన ‘తోటలో స్త్రీలు’ చూస్తే తెలుస్తుంది. వెలుగు ఆ క్షణంలో కనిపించిన తీరును రంగుల్లో పట్టే మోనేకూ ఆయన తోటి చిత్రకారులకూ ఇంప్రెషనిస్టులన్న పేరు ఇంకా పుట్టని రోజులవి. ఇప్పుడా చిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

అపోహ: రంగులో కాస్త నలుపు కలిపితే నీడ వచ్చేస్తుంది.

వాస్తవం: ముందు భాగంలో నేల మీద కూర్చున్న స్త్రీ తెల్ల గౌను చూడండి. చెట్టు నీడ బాట దాటి ఆ గౌను మీదికి పాకింది. ఎండ తగిలిన చోట తెలుపు కళ్లు చెదరగొడుతుంది. నీడలో అదే తెలుపు నీలంగా మారింది. అక్కడికి ఎండ రాకపోయినా ఆకాశపు వెలుగు వస్తుంది, చుట్టూ ఉన్న ఆకుల పచ్చదనమూ కాస్త అంటుకుంటుంది. ఉదయం తొమ్మిదింటికి డాబా మీద తెల్ల కాగితం పరచి చెయ్యి అడ్డం పెట్టి చూడండి. నా విద్యార్థులు మొదట బూడిద రంగు అంటారు. రెండు నిమిషాలు కన్ను తిప్పకుండా చూశాక నీలం అంటారు. ఆ క్షణం కోసమే నేను పాఠం చెబుతాను.

అపోహ: ఇలాంటివి ఒక్క పూటలో గీసేస్తారు.

వాస్తవం: ఈ కాన్వాసు ఎత్తు రెండున్నర మీటర్లు. పైభాగం వేయాలని నిచ్చెనెక్కితే చూసే కోణం మారిపోతుంది. అందుకని మోనే తోటలో గుంట తవ్వించి, కప్పీతో కాన్వాసును అందులోకి దించి వేశారు. తుది మెరుగులు గదిలో దిద్దారు. ఇంత శ్రమనూ 1867లో పారిస్ సలాన్ (అక్కడి అధికారిక చిత్ర ప్రదర్శన) తిరస్కరించింది. స్నేహితుడు బజీల్ 2,500 ఫ్రాంకులకు, నెలకు 50 చొప్పున చెల్లించే ఒప్పందంతో కొని ఆదుకున్నారు.

అపోహ: మోనే కళ్లలో శుక్లాలున్నాయి కాబట్టే బొమ్మలు మసక.

వాస్తవం: శుక్లాలు బయటపడింది 1912లో. ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శన 1874లోనే జరిగింది.

అపోహ: తోట బొమ్మకు హాయి పూల వల్ల, నవ్వు ముఖాల వల్ల వస్తుంది.

వాస్తవం: ఇందులో ఒక ముఖం పూలగుత్తి చాటున, ఇంకొకటి గొడుగు నీడలో ఉన్నాయి. హాయి వస్తున్నది బాట మీది వెచ్చని ఎండకూ చెట్ల కింది చల్లని పచ్చకూ మధ్య ఉన్న తేడా నుంచి. మొత్తం ఎండే అయితే కళ్లు అలసిపోతాయి. నా తరగతిలో కాన్వాసు సగానికి పైగా నీడతో నిండాకే పూల రంగులు బయటికి తీయనిస్తాను.