మెక్సికో బంగారు, వెండి నాణేలు: అపోహలు - వాస్తవాలు

పాత నాణేలు పరిశీలించి విలువ కట్టడం నా వృత్తి. మెక్సికో నాణేలు తెచ్చేవాళ్ల నోట తరచుగా వినే మాటలివి.

అపోహ: నాణెం మీద ఉన్న సంవత్సరంలోనే అది తయారైంది.
కొనేవాళ్లకు ఎక్కువ నష్టం తెచ్చే నమ్మకం ఇదే. 50 పెసోల బంగారు నాణెం ‘సెంతెనారియో’ 1921లో, మెక్సికో స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా మొదలైంది. బరువు 41.67 గ్రాములు. అందులో మేలిమి బంగారం 37.5 గ్రాములని నాణెం మీదే రాసి ఉంటుంది. 1947 తేదీతో దొరికేవాటిలో చాలావరకు ఆ తర్వాతి దశాబ్దాల్లో పాత తేదీతోనే మళ్లీ ముద్రించినవి. బంగారం అసలైనదే, కాబట్టి బంగారం ధరకు నిశ్చింతగా కొనండి. అరుదైనదని చెప్పి పైన అడిగితే మాత్రం ఇవ్వకండి. 1921 తేదీ ఉన్నదైతే ఆ లెక్క వేరు. 1945 తేదీ 2 పెసోలు, 1959 తేదీ 20 పెసోలు కూడా ఎక్కువగా ఇలా మళ్లీ ముద్రించినవే.

వెండిలోనూ ఈ చిక్కుంది. 1898 పెసోను 1949లో చైనా కోసం మళ్లీ ముద్రించారు. భూతద్దంతో అంచు వెంట ఉన్న చుక్కలు లెక్కపెట్టండి. పాతదానికి 139, కొత్తదానికి 134 ఉంటాయి. ఓపిక కావాలి గానీ తేడా తేలిపోతుంది.

అపోహ: పాతదైతే ఖరీదైనదే.
టోపీ, కిరణాల బొమ్మ ఉన్న 8 రియాళ్ల (రియాల్ అంటే మెక్సికో పాత డబ్బు) వెండి నాణేలు 1823 నుంచి 1897 దాకా విస్తారంగా వచ్చాయి. ధరను తేల్చేది టంకశాల గుర్తు, సంవత్సరం, అరుగుదల. ‘ఎం’ మీద చిన్న సున్నా ఉంటే మెక్సికో సిటీ, ‘జెడ్’ పక్కన ‘ఎస్’ ఉంటే జకాతెకాస్. ఈ రెండూ తేలిగ్గా దొరుకుతాయి. అలామోస్ లాంటి చిన్న టంకశాలలవి అంత సులువుగా దొరకవు.

అపోహ: తోమితే విలువ పెరుగుతుంది.
తగ్గుతుంది. చింతపండు, పాలిష్ ఏదీ వద్దు. కాలక్రమంలో పట్టిన నల్లదనాన్ని అలాగే ఉంచండి.

అపోహ: అయస్కాంతానికి అంటకపోతే అసలు వెండే.
రాగి, ఇత్తడి కూడా అంటవు. 8 రియాళ్ల నాణెం 27 గ్రాములకు కాస్త పైన తూగాలి. అరుగుదల లేకుండానే గ్రాము, రెండు గ్రాములు తగ్గితే అనుమానించాల్సిందే. నీళ్లలో తూచి సాంద్రత కూడా చూడండి, ఘన సెంటీమీటరుకు 10.3 గ్రాముల దగ్గర రావాలి.

అపోహ: వెండిని పరీక్షించి చైనా వర్తకులు కొట్టిన ముద్రలుంటే నాణెం పాడైనట్టే.
ఆ ముద్రల కోసమే వెతికి కొనేవాళ్లున్నారు.

అపోహ: మెక్సికో వెండికీ మనకూ సంబంధం లేదు.
19వ శతాబ్దం తొలినాళ్లలో మద్రాసు టంకశాల స్పానిష్ (అప్పట్లో మెక్సికో స్పెయిన్ పాలనలో ఉండేది) 8 రియాళ్ల నాణేల మీదే కొన్ని అర వరహాలు ముద్రించింది. వాటి మీద తెలుగు అక్షరాలున్నాయి. కొన్నింటిలో కింద ఉన్న పాత ముద్ర జాడ ఇంకా కనిపిస్తుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే వెండి తూకానికి అమ్మేయకుండా, ముందు నాణేలు తెలిసినవాళ్లకు చూపించండి.