పెద్ద అక్వేరియానికి సంప్: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో సంప్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఇంటి ముందు భూమిలో కట్టించే నీళ్ళ తొట్టి. "అక్వేరియానికి సంప్ పెట్టుకోండి" అంటే ఒకాయన "మళ్ళీ తవ్వకాలా బాబూ, మొన్ననే టైల్స్ వేయించాం" అన్నారు. ఇది ఆ సంప్ కాదండీ. నీళ్ళు శుభ్రం చేయడానికి పెద్ద ట్యాంకు కింద, స్టాండు లోపల పెట్టే ఇంకో గాజు తొట్టి. పైన పొర్లిన నీళ్ళు పైపులోంచి కిందికి దిగి, స్పాంజి, సిరామిక్ రింగులు దాటుకుని చివరి గదిలోకి వస్తాయి. అక్కడున్న మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది.

ట్యాంకులు కట్టి బిగించడమే నా పని. సంప్ కొనడానికి వచ్చినవాళ్ళు రింగులు ఎన్ని కిలోలు వేయాలని అడుగుతారు. కరెంటు పోతే నీళ్ళు ఎక్కడ ఆగుతాయని మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: పై ట్యాంకులో మూడో వంతో నాలుగో వంతో సంప్ ఉంటే చాలు.

వాస్తవం: వంతులతో తేలేది కాదిది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ట్యాంకులో ఒక్క అంగుళం నీళ్ళంటే సుమారు 28 లీటర్లు. మోటారు ఆగగానే ఓవర్‌ఫ్లో అంచు పైనున్న పల్చటి పొర కిందికి దిగుతుంది. అసలు ప్రమాదం పైకెళ్ళే రిటర్న్ పైపుతో. దాని మూతి నీళ్ళలో ఎంత లోతున ఉంటే అంతవరకూ నీళ్ళు అదే పైపులో వెనక్కి గుంజుకుపోతాయి. డ్రమ్ములోంచి గొట్టంతో నీళ్ళు లాగుతాం చూడండి, సరిగ్గా అదే.

ఇది నాకు పటమటలో ఒక ఇంట్లో తెలిసొచ్చింది. ఆరడుగుల ట్యాంకు, కింద 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 15 ఎత్తు సంప్. నీళ్ళు బాగా కలుస్తాయని రిటర్న్ మూతిని నాలుగు అంగుళాలు ముంచి బిగించాను. సంప్‌లో పది అంగుళాల నీళ్ళు, పైన ఐదు అంగుళాలు ఖాళీ. ఆ ఖాళీలో పట్టేది 53 లీటర్లు. పైనుంచి దిగేది 113. ఆ రాత్రి రెండింటికి కరెంటు పోయింది. మిగతా అరవై లీటర్లు, అంటే మూడు బిందెల పైనే, సోఫా కిందుగా హాలంతా పరుచుకున్నాయి. పొద్దున్నే వెళ్ళేసరికి ఆ ఇంటి అమ్మగారు ఏమీ అనకుండా నా చేతిలో మాప్ పెట్టారు.

అప్పట్నుంచి రిటర్న్ మూతిని నీటి మట్టానికి అర అంగుళం లోపే ఉంచుతున్నాను. ట్యాంకు బిగించాక పగలే, ఇంటివాళ్ళ ఎదుటే మోటారు ఆపేస్తాను. పైనుంచి దిగడం ఆగాక, సంప్ అంచుకి ఇంకా రెండు అంగుళాలు మిగలాలి. మళ్ళీ మోటారు వేసి మట్టం నిలకడగా వచ్చాక, చివరి గది అద్దం మీద మార్కర్‌తో గీత గీస్తాను. ఆ గీత దాటి నీళ్ళు పోయొద్దు.

అపోహ: రిటర్న్ పైపుకి ఎన్‌ఆర్‌వీ (నీళ్ళు వెనక్కి రానివ్వని వాల్వు) వేస్తే ఆ గొడవే ఉండదు.

వాస్తవం: కొత్తలో ఉండదు. ఆర్నెల్లకి దాని రబ్బరు కింద పాచో, చిన్న నత్తో ఇరుక్కుంటుంది. రిటర్న్ పైపుకి నీటి మట్టానికి కాస్త కిందుగా చిన్న రంధ్రం వేస్తే గాలి లోపలికి పోయి గుంజుడు ఆగుతుంది. ఆ రంధ్రం కూడా పాచి పడితే మూసుకుపోతుంది, నెలకోసారి పుల్లతో పొడవాలి. అందుకే సంప్‌లో ఖాళీ ఉంచుకోవడం తప్పదు.

అపోహ: సంప్‌లో అరలు ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ శుభ్రం.

వాస్తవం: మూడు చాలు. మొదట స్పాంజి, మధ్యలో రింగులు, చివర మోటారు. పని చేసేది రింగులు కాదు, వాటి మీద పెరిగే బ్యాక్టీరియా. దానికి ఆక్సిజన్ ఉన్న నీళ్ళు పారుతూ ఉండాలి. పది కిలోల రింగులు కుక్కి, ముందున్న స్పాంజి నెలల తరబడి పిండకపోతే బురద అంతా రింగుల్లోనే చేరుతుంది.

ఆలోచించాల్సింది చివరి గది గురించి. ఆవిరైపోయిన నీటి లోటంతా అక్కడే కనిపిస్తుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి అది చిన్నదైతే రోజూ నీళ్ళు పోయాలి, మర్చిపోతే మోటారు గాలి లాగి మోత మోగిస్తుంది. అలాగని మరీ పెద్దది చేస్తే ఇంకో చిక్కు. కిందికి దిగే పైపుకి ఆకు అడ్డం పడిందనుకోండి, మోటారు ఆ గదంతా పైకి తోడేస్తుంది. పై ట్యాంకులో అంత ఖాళీ లేకపోతే ఈసారి పైనుంచి పొర్లుతుంది. కిందికి రెండో పైపు, ఎమర్జెన్సీకని, కాస్త ఎత్తులో వేయమనేది ఇందుకే. ఖర్చు పీవీసీ ముక్క, ఒక రంధ్రం.

అపోహ: సంప్ ఉంటే నీళ్ళు మార్చక్కర్లేదు.

వాస్తవం: బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్ నీళ్ళలోనే పేరుకుంటుంది. ఆస్కార్ల లాంటి తిండిపోతు చేపలుంటే మరీ త్వరగా. మార్చి తీరాలి. గుంటూరులో బోరు నీళ్ళు వాడే ఒకాయన ఆవిరైనదానికి కూడా బోరు నీళ్ళే పోస్తూ వచ్చారు. ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు మిగిలిపోతుంది. ఏడాదికి ఓవర్‌ఫ్లో అంచంతా తెల్లగా గారకట్టింది. లోటు పూడ్చడానికి ఆర్వో నీళ్ళు, మార్చడానికి క్లోరిన్ తీసిన కుళాయి నీళ్ళు వాడమన్నాను.

అపోహ: మోటారు ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: మంచినీటి చేపలకి నీళ్ళు గంటకి నాలుగైదుసార్లు తిరిగితే సరిపోతుంది. కాకపోతే డబ్బా మీద రాసిన లీటర్లు ఎత్తు లేనప్పటి లెక్క. ఐదడుగులు పైకెక్కేసరికి బాగా తగ్గుతాయి, ఎంతనేది డబ్బా మీద గ్రాఫ్ ఉంటే అందులో చూడండి. 40 వాట్ల మోటారు రోజంతా తిరిగితే దాదాపు ఒక యూనిట్.

అపోహ: ముందు ట్యాంకు కొందాం, సంప్ తర్వాత చూద్దాం.

వాస్తవం: నీళ్ళు సంప్‌లోకి దిగే పైపులకి రంధ్రాలు ట్యాంకు అతికించకముందే వేయిస్తే మేలు. టఫెండ్ గాజైతే అసలు పడవు, పగిలిపోతుంది. స్టాండు కూడా ముందే కొలవాలి. మొన్న ఒక స్టాండుకి మధ్యలో ఇనుప కాలు ఉంది, ఖాళీ 34 అంగుళాలు, తెచ్చిన సంప్ 36. పైన అప్పటికే 680 లీటర్ల నీళ్ళున్నాయి. సంప్‌ని మళ్ళీ ఆటో ఎక్కించాం.