దొంగ నోటు బ్యాంకుకు తెస్తే అరెస్టు చేస్తారా?

సినిమాల్లో దొంగ నోట్లు అచ్చేసేవాడి కోసం అధికారులు తిండీ నిద్రా మానేసి తిరుగుతారు. ఆ కథలు ఊరికే పుట్టలేదు. అమెరికాలో సీక్రెట్ సర్వీస్‌ను 1865లో పెట్టిందే దొంగ నోట్ల పని పట్టడానికి. మన దగ్గరా పెద్ద ముఠాల మీద ఉగ్రవాద నిరోధక చట్టమైన ఉపా కింద కేసులు పెడతారు, జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ దిగుతుంది. కానీ క్యాష్ కౌంటర్లో నాకు ఎదురయ్యేది ఆ సినిమాలు చూసి హడలిపోయిన మామూలు జనం.

అపోహ: దొంగ నోటు బ్యాంకులో దొరికితే పోలీసులు పట్టుకుపోతారు, గుట్టుగా ఎక్కడో మార్చేసుకోవడమే మేలు.

మనుషుల కొంప ముంచేది ఇదే. ఒకసారి కట్టిన డబ్బులో నాలుగు దాకా దొంగ నోట్లు తేలితే, మీ ఎదుటే ముద్ర కొట్టి, జప్తు చేసి, రసీదు ఇస్తాం. ఆ వివరాలు నెలవారీ రిపోర్టులో పోలీసులకు వెళ్తాయి. ఐదు, ఆపైన ఉంటేనే ఎఫ్ఐఆర్. నోటు సక్రమంగానే చేతికొచ్చిందని చూపగలిగితే దగ్గర పెట్టుకోవడం నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 180వ సెక్షన్ వివరణలోనే ఉంది. తెలిసి తెలిసి చలామణీ చేస్తే మాత్రం 179వ సెక్షన్: పదేళ్ల దాకా జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు. భయపడి కిరాణా కొట్లో తోసేసేవాళ్లు నేరం లేనిచోట నేరం కొనితెచ్చుకుంటున్నారు.

ఆమధ్య పూలమ్మే ఒకావిడ డ్వాక్రా కంతు కట్టడానికొచ్చింది. ఒక ఐదొందల నోటును మెషిన్ పక్కకు తోసింది. అటూ ఇటూ వంచి చూశాను, ఆకుపచ్చ దారం నీలంగా మారడం లేదు. "నా నోటు నాకిచ్చెయ్యండి సారూ, దండం పెడతా" అంది. ఇవ్వలేనమ్మా, తిరిగిస్తే నేనూ చలామణీ చేసినట్టే అన్నాను. రసీదు మీద సంతకం అడిగితే నేరం ఒప్పుకున్నట్టవుతుందేమోనని చెయ్యి వెనక్కి లాక్కుంది. సంతకం పెట్టకపోయినా రసీదు ఇవ్వాల్సిందే, ఇచ్చాను. ఐదొందలు మాత్రం పోయినట్టే. బ్యాంకు బదులు నోటు ఇవ్వదు. ఆవిడకు అది ఎన్ని మూరల పూలో నాకు తెలుసు, కానీ రూల్ అదే.

ఇక వాట్సాప్‌లో తిరిగే పుకార్ల గోల. నంబరులో నక్షత్రం గుర్తున్న నోటు అసలుదే, అచ్చులో పాడైన నోటుకు బదులుగా వేసింది. ఐదొందల నోటు మీద ఆకుపచ్చ గీత గాంధీ బొమ్మకు దగ్గరగా ఉన్నా, గవర్నర్ సంతకానికి దగ్గరగా ఉన్నా చెల్లుతుంది. పెన్నుతో రాసినంత మాత్రాన నోటు చెల్లకుండా పోదు. రెండు వేల నోటులో చిప్పు ఉందన్నవాళ్లతో వాదించే ఓపిక అప్పుడే లేదు, ఇప్పుడసలు లేదు. పది రూపాయల నాణేలు పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది. అయినా మా వీధి చివర టీ కొట్టాయన ఇప్పటికీ తీసుకోడు.